డిస్ట్రిబ్యూటర్ ద్వారా రాని రైఫిల్ స్కోప్‌కి వారంటీ ఎవరు ఇవ్వాలి? బెంగళూరులో ఎవరికైనా ఇలా జరిగిందా?

పెన్నాతీరం:

అందరికీ నమస్కారం. ఊరు నెల్లూరు దగ్గర, ఉండేది వైట్‌ఫీల్డ్‌లో. లైసెన్సు అక్కర్లేని .177 స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది. శని, ఆదివారాల్లో హోసకోట అవతల ఫ్రెండ్ వాళ్ల తోటలో మట్టికట్ట ముందు పేపర్ టార్గెట్లు పెట్టుకుని కొడతాం, అంతే, పిట్టల జోలికి పోయే రకం కాదు.

దానికోసం ఒక అమెరికన్ కంపెనీ స్కోప్ (గురి చూసే దుర్భిణి) తీసుకున్నాను. ఇక్కడి అఫీషియల్ డిస్ట్రిబ్యూటర్ 52 వేలు చెప్పాడు, అదే మోడల్ ఇంకో ఆన్‌లైన్ షాపులో 38 వేలకి దొరికింది. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్ల పేజీలో లైఫ్‌టైమ్ వారంటీ అని పెద్ద అక్షరాలతో ఉంది, జీఎస్టీ బిల్లు కూడా ఇచ్చారు కాబట్టి దొంగ సరుకేమో అన్న అనుమానం రాలేదు.

నాలుగు నెలలు బాగానే పనిచేసింది. ఇప్పుడు జీరో, అంటే సరిచేసి పెట్టిన గురి, నిలవడం లేదు. ఐదు పెల్లెట్లు రూపాయి బిళ్లంత చోట పడతాయి, కాసేపాగి మళ్లీ కొడితే గ్రూపు మొత్తం మూడు సెంటీమీటర్లు కుడికి జరిగిపోయి ఉంటుంది. రెటికిల్ (లోపల కనబడే గురి గీతలు) కూడా ఒక పక్కకి కొంచెం ఒరిగినట్టు కనిపిస్తోంది. స్కోప్‌ని ట్యూబ్‌లైట్ వైపు తిప్పి అటూ ఇటూ వంచితే లోపల అంచు దగ్గర ఆవగింజలో సగం ఉండే నల్లటి ముక్క ఒకటి జారుతోంది.

డిస్ట్రిబ్యూటర్‌కి సీరియల్ నంబర్ పంపితే ఇది మా ద్వారా దిగుమతి అయిన పీస్ కాదు, మాకు సంబంధం లేదన్నాడు. అమ్మిన షాపువాడు వారంటీ కంపెనీది, మేం అమ్మేవాళ్లం మాత్రమే, అమెరికా పంపుకోండి అన్నాడు. కంపెనీకి మెయిల్ పెడితే మీ దేశంలోని డిస్ట్రిబ్యూటర్‌ని సంప్రదించండి అని జవాబు. ముగ్గురూ కలిసి నన్ను బంతాట ఆడుతున్నారు. ఇంతకీ ఈ స్కోప్‌కి వారంటీ ఉన్నట్టా లేనట్టా? ఎస్పీ రోడ్డు దగ్గర కెమెరాలు బాగుచేసే ఒకాయన విప్పి చూస్తానంటున్నాడు, ఇవ్వచ్చా? 38 వేల కోసం కన్స్యూమర్ కమిషన్ దాకా వెళ్లడం దండగా?

పాత_గురి:

ముందు ఒక్కమాట, ఆ కెమెరా ఆయనకి దయచేసి ఇవ్వకండి. మంచి స్కోప్ గొట్టంలో నైట్రోజన్ నింపి సీల్ చేసి ఉంటారు, విప్పగానే అది పోతుంది. మన బెంగళూరు వానల్లో ఉదయం పూట బయటికి తీస్తే లెన్సు లోపలివైపు ఆవిరి పట్టేస్తుంది, అది బయట నుంచి తుడిస్తే పోయేది కాదు. అంతకన్నా ముఖ్యం, బయటివాళ్లు విప్పిన గుర్తు కనబడితే ఇప్పుడు కాస్తో కూస్తో ఉన్న హక్కు కూడా పోతుంది, డిస్ట్రిబ్యూటర్ అయినా షాపువాడైనా అదే సాకు పట్టుకుంటారు.

రెండోది, లోపం స్కోప్‌లోనే ఉందని ఖాయం చేసుకోండి. స్ప్రింగ్ రైఫిల్ వెనక్కి తన్నడంతో ఆగదు. పిస్టన్ ముందుకెళ్లి సిలిండర్ చివర గుద్దుకోగానే రైఫిల్ మొత్తం ముందుకి కూడా ఒక కుదుపు కుదుపుతుంది. మామూలు తుపాకుల స్కోప్‌లు వెనక్కి తన్నే దెబ్బకి తట్టుకునేలా చేసినవి, ఈ ఎదురు కుదుపుకి చాలావాటిలో రెటికిల్ ఊడుతుంది, లోపలి స్ప్రింగు వదులవుతుంది. మీ స్కోప్ మాన్యువల్‌లో ఎయిర్ రైఫిల్ మీద వాడొచ్చని రాసి ఉందో లేదో చూడండి. ఆ వాక్యం ఉంటే దాని ఫోటో తీసి దాచుకోండి, రేపు మీరు వాడకూడని చోట వాడారు అనే మాట తప్పకుండా వస్తుంది.

అదే కుదుపుకి మౌంటు, అంటే స్కోప్‌ని రింగులతో రైఫిల్‌కి పట్టి ఉంచే బిగింపు, కూడా రైలు (రైఫిల్ పైనున్న పట్టా) మీద మెల్లగా వెనక్కి జరుగుతుంది. రింగు అంచు దగ్గర గొట్టం మీద, మౌంటు దగ్గర రైలు మీద సన్నటి మాస్కింగ్ టేప్ అంటించి, రెండిటినీ కలుపుతూ పెన్సిల్ గీత గీయండి. యాభై పెల్లెట్లు కొట్టి చూడండి. గీత తెగితే దోషం మౌంటుది, జరగకుండా ఆపే స్టాప్ పిన్ లేని మౌంటు అయి ఉంటుంది. గీత చెక్కుచెదరకుండా గ్రూపు జరిగితే దోషం స్కోప్‌దే.

తర్వాత బాక్స్ టెస్ట్. స్కోప్ మీది టరెట్లు (గురి సరిచేసే గుండీలు) తిప్పితే క్లిక్కులు వస్తాయి. 20 మీటర్ల దగ్గర పావు ఎంఓఏ (చిన్న కోణం కొలత) క్లిక్కు ఒక్కోటి దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు జరపాలి. అంటే 40 క్లిక్కులు పైకి తిప్పితే గ్రూపు 6 సెంటీమీటర్లకి కొంచెం తక్కువ లేవాలి. 40 పైకి, 40 కుడికి, 40 కిందికి, 40 ఎడమకి తిప్పుతూ ప్రతి మూలలో మూడేసి పెల్లెట్లు కొట్టండి. చతురస్రం మూసుకోవాలి, చివరి గ్రూపు మొదటి గ్రూపు మీద పడాలి. పడకపోతే ఆ కాగితం మీద తేదీ, సీరియల్ నంబర్ రాసి భద్రంగా పెట్టండి. నోటితో ఎంత చెప్పినా రాని బలం ఆ కాగితానికి ఉంటుంది.

రింగు స్క్రూలు ఎంత బిగించారు? 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు చాలు. గొట్టం మీద నొక్కుడు మచ్చలు పడి ఉంటే ముందే చెప్పండి.

పిట్టలచూపు:

నాది తుపాకుల లోకం కాదు, హెసరఘట్ట వైపు పిట్టల్ని చూడ్డానికి వెళ్లేదాన్ని. కానీ బైనాక్యులర్లు, లెన్సుల దగ్గర కూడా ఇదే గొడవ. ఇక్కడ రెండు వేరు వేరు సంగతుల్ని కలపకూడదు అన్నయ్యా. ఒకటి అసలు కంపెనీ సరుకే, వేరే దారిలో వచ్చినది. రెండోది పేరు మాత్రమే అతికించిన నకిలీ. ల్యూపోల్డ్ స్కోప్‌ల నకిలీలు చైనా నుంచి ఏళ్ల తరబడి వస్తున్నాయి, ఆ కంపెనీయే కొనేవాళ్లని హెచ్చరించింది. మీది ఏదో ముందు తేలాలి, ఎందుకంటే నకిలీ అయితే వారంటీ గొడవే లేదు, అది నేరుగా మోసం.

కంపెనీకి మళ్లీ మెయిల్ పెట్టండి, ఈసారి వారంటీ ఊసెత్తకుండా ఒకే ఒక్క ప్రశ్న అడగండి, ఈ సీరియల్ నంబర్ మీరు తయారు చేసినదేనా, ఏ దేశానికి అమ్మారు అని. సీరియల్, డబ్బా మీది బార్‌కోడ్ ఫోటోలు జతచేయండి. చాలా కంపెనీలు ఇలాంటి ప్రశ్నకి జవాబిస్తాయి, నకిలీల గురించి తెలుసుకోవడం వాళ్లకీ అవసరం కదా.

డబ్బా మీద తెల్ల స్టిక్కర్ ఉందా? లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ 2011 ప్రకారం దిగుమతి సరుకు ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరో మెయిలో ఉండాలి. ఆ స్టిక్కర్ మీద ఎవరి పేరుంటే మీరు పట్టుకోవాల్సింది వాళ్లని.

ఇంకో సంగతి. లైఫ్‌టైమ్ వారంటీ అనే మాట చూసి అందరం పొంగిపోతాం. వోర్టెక్స్ వాళ్ల వీఐపీ వారంటీ నిజంగానే ఉదారమైనది, బిల్లు అడగరు, చేతులు మారినా చెల్లుతుంది, పోగొట్టుకున్నా, దొంగలెత్తుకెళ్లినా, కావాలని పగలగొట్టినా, పైపై గీతలు పడినా మాత్రమే చెల్లదు. ల్యూపోల్డ్ కూడా మొదటి ఓనర్ మీరేనా అని అడగదు. అయినా అమెరికా బయట ఉన్నవాళ్లకి పని జరగాల్సింది ఆ దేశపు డిస్ట్రిబ్యూటర్ చేతుల మీదుగానే. కాగితం మీద మాట ఎంత గొప్పదైనా మన ఊళ్లో దాన్ని నెరవేర్చే చెయ్యి ఒకటి ఉండాలి. కెమెరాల్లో ఇంకా కఠినం, నికాన్ అమెరికా శాఖ గ్రే మార్కెట్ (అధికారిక డిస్ట్రిబ్యూటర్ ద్వారా రాని) కెమెరాని డబ్బులిస్తామన్నా బాగుచేయదు, అది వాళ్లు బాహాటంగా రాసుకున్న పాలసీయే. అందుకని మీ డిస్ట్రిబ్యూటర్‌ని డబ్బులు కడితే చేస్తారా అని కూడా అడిగి చూడండి, ఒప్పుకుంటే కనీసం ఒక దారి ఉన్నట్టు.

హోసూర్‌రోడ్_లాయరు:

నేను కన్స్యూమర్ కేసులు చూస్తాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

పెన్నాతీరం గారు, మీరు అడిగిన ప్రశ్నలో వారంటీ అనేది స్కోప్‌కి అంటుకుని దానితో పాటు తిరిగేది అన్నట్టు ఉంది. చట్టం దృష్టిలో అది ఒకరు ఇచ్చిన మాట. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఏ షరతులతో ఇచ్చారు, ఇవే చూస్తారు. డిస్ట్రిబ్యూటర్ మీకు అమ్మలేదు, మాటివ్వలేదు, కాబట్టి అతని మీద కేసు బలహీనం, ఆయన మీద కోపం పెట్టుకుని టైం వృథా చేయకండి. మాటిచ్చింది షాపువాడు. పేజీలో లైఫ్‌టైమ్ వారంటీ అని రాసి, 38 వేలు తీసుకుని, బిల్లిచ్చాడు. ఇప్పుడు నేను అమ్మేవాణ్ణి మాత్రమే అని చేతులు దులుపుకుంటే కుదరదు.

అధికారిక డిస్ట్రిబ్యూటర్ కాకుండా వేరేవాళ్లు అసలు సరుకు దిగుమతి చేసి అమ్మడం అన్నది దానంతట అదే నేరమని చాలామంది అనుకుంటారు. శామ్‌సంగ్ ప్రింటర్ల కేసులో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి 2012 ఫిబ్రవరిలో ట్రేడ్‌మార్క్ చట్టం కింద అలాంటి దిగుమతి కుదరదన్నారు. అదే ఏడాది అక్టోబరులో అదే కోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీల బెంచ్) దాన్ని మార్చి, అసలు సరుకు అయితే దిగుమతి చేసి అమ్ముకోవచ్చంది. కానీ ఒక షరతు పెట్టింది, అది మీకు పనికొచ్చేది. ఇవి దిగుమతి చేసిన సరుకు, వీటికి శామ్‌సంగ్ వారంటీ గానీ సర్వీసు గానీ లేదు, వారంటీ, సర్వీసు మేమే సొంతంగా ఇస్తున్నాం అని షాపులో అందరికీ కనబడేలా బోర్డు పెట్టాలి అని. మీ షాపువాడు దీనికి సరిగ్గా ఎదురు పని చేశాడు. వారంటీ ఉందని రాశాడు, ఎవరిదో రాయలేదు.

కన్స్యూమర్ ప్రొటెక్షన్ యాక్ట్ 2019లో అన్యాయమైన వ్యాపార పద్ధతుల్లో తప్పుడు వారంటీ చెప్పడం ఒకటి. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, అది రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకుండా డబ్బు ఎగ్గొట్టడం ఇంకొకటి. దీనికి తోడు సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 1930లో 16వ సెక్షన్ ఉంది, కొన్న అవసరం అమ్మేవాడికి చెప్పి, అతని నైపుణ్యం నమ్మి కొంటే సరుకు ఆ అవసరానికి పనికిరావాలి. కొనే ముందు స్ప్రింగ్ రైఫిల్ మీద పెడతానని వాట్సాప్‌లో అడిగారా? అడిగి ఉంటే ఆ చాట్ బంగారం, ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. బిల్లు కింద ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని అచ్చువేసి ఉన్నా భయపడకండి, ఆ ఒక్క వాక్యంతో చట్టం ఇచ్చిన హక్కు పోదు.

38 వేలకి కమిషన్ దండగా అన్నారు. కాదు. 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. షాపు ఢిల్లీలో ఉన్నా ముంబైలో ఉన్నా మీరు ఉండే చోట, అంటే బెంగళూరులోనే వేయొచ్చు, పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. కానీ నేరుగా అక్కడికి పరుగెత్తకండి. ముందు ఆ ఉత్పత్తి పేజీ స్క్రీన్‌షాట్ తేదీ కనబడేలా తీయండి, ఈ రాత్రే తీయండి, మీరు ఫిర్యాదు చేశాక ఆ లైను మాయమవడం మామూలే. తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు, దానికి 15 రోజులు గడువు. ఈలోపు 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి, చాలా షాపులు అక్కడే దిగొస్తాయి.

ధర_తేడా:

అందరూ ఆ షాపువాణ్ణి విలన్ చేస్తున్నారు గానీ 14 వేలు తేడా అంటే చిన్న మాటా? జీతగాళ్లం, ఇక్కడి అద్దెలు కట్టుకుంటూ ఇలాంటి సరదా పెట్టుకున్నాం. డిస్ట్రిబ్యూటర్లు అంతంత ధరలు పెడితే జనం వేరే దారి వెతుక్కోక ఏం చేస్తారు? నా స్కోప్ కూడా ఇలా వచ్చినదే, ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు.

పాత_గురి:

ధర_తేడా గారు, కొనొద్దని ఎవరూ అనలేదు. ఆ 14 వేలు మిగలలేదు, రిపేరు బాధ్యత మీ నెత్తికి మారింది, అంతే. పీసీపీ రైఫిల్ (ముందే నింపిన గాలితో పేలేది) మీద పెట్టుకునేవాళ్లకి ఆ భారం తక్కువ, అందులో కుదుపు దాదాపు ఉండదు, స్కోప్ ఏళ్లు పనిచేస్తుంది. స్ప్రింగర్ మీద పెట్టేవాళ్లకి స్కోప్ పాడయ్యే అవకాశం ఎక్కువ, అలాంటప్పుడు వారంటీకి విలువ కూడా ఎక్కువ. మీది ఏ రైఫిలో చెప్పలేదు.

ధర_తేడా:

పీసీపీ. ఆ తేడా నిజమే, ఒప్పుకుంటాను.

పెన్నాతీరం:

అందరికీ చాలా థాంక్స్, నిజంగా ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. పరీక్ష చేశాను. టేపు మీద గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు. బాక్స్ టెస్ట్‌లో పైకి 40 క్లిక్కులకి 6 సెంటీమీటర్లు కూడా రాలేదు, 4 దగ్గరే ఆగింది, ఆఖరి గ్రూపు మొదటిదానికి రెండు సెంటీమీటర్లు అవతల పడింది. రింగు మచ్చలు లేవు. మాన్యువల్‌లో ఎయిర్ రైఫిల్‌కి సరిపోతుందని స్పష్టంగా ఉంది.

కంపెనీ జవాబిచ్చింది, సీరియల్ మాదే, వేరే ఆసియా దేశపు డీలర్‌కి పంపిన పీస్ అన్నారు. అంటే నకిలీ కాదు. డబ్బా కింది వైపు స్టిక్కర్ ఉంది, దిగుమతిదారు పేరు చూస్తే అదే షాపు! బిల్లు మీద ఉన్న పేరే, అదే చిరునామా.

ఒక సందేహం. డల్లాస్‌లో మా బావ ఉన్నాడు, సంక్రాంతికి వస్తున్నాడు. ఎవరో ఒకరి చేత అక్కడికి పంపించి, కంపెనీ బాగుచేసి ఇచ్చాక బావ సూట్‌కేసులో తెస్తే పని అయిపోతుంది కదా?

హార్బర్_చెన్నై:

చెన్నై హార్బర్ దగ్గర క్లియరింగ్ ఆఫీసులో పని నాది, అందుకే ఈ ప్రశ్న దగ్గర ఆగాను. బావగారిని ఇందులోకి లాగకండి. అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో రైఫిల్ స్కోప్‌లకి విడిగా ఒక నంబరే ఉంది, 0ఏ504. అందుకే అక్కడి దుకాణాలు చాలా వరకు స్కోప్‌లు బయటి దేశాలకి పంపం అని ముందే రాసేస్తాయి. సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కడం కూడా వాళ్ల చట్టంలో ఎగుమతి కిందకే వస్తుంది. వీసా మీద ఉన్న మనిషికి ఆ టెన్షన్ ఎందుకు?

కొరియర్‌లో బైనాక్యులర్ అని రాసి పంపేయండి అని సలహా ఇచ్చేవాళ్లు కూడా తగులుతారు. అస్సలు వద్దు. తప్పుడు డిక్లరేషన్ అయితే సరుకు జప్తు, పైన జరిమానా, అసలుకే ఎసరు.

పద్ధతిగా మరమ్మతుకి పంపే దారి ఉంది, కాకపోతే శ్రమ. షిప్పింగ్ బిల్లులో (ఎగుమతికి కస్టమ్స్‌లో ఇచ్చే పత్రం) మరమ్మతు చేసి తిరిగి తేవడానికి అని రాయించి, సీరియల్ నంబర్ నమోదు చేయించాలి. అదే పీస్ గడువు లోపల తిరిగొస్తే మరమ్మతు ఖర్చు, రానూపోనూ రవాణా, బీమా, వీటి మీదే సుంకం లెక్క. కానీ ఈ కంపెనీలు చాలాసార్లు బాగుచేయకుండా కొత్త పీస్ పంపేస్తాయి. సీరియల్ మారింది అంటే కస్టమ్స్ లెక్కలో అది మీరు పంపిన సరుకు కాదు, పూర్తి విలువ మీద సుంకం పడుతుంది. అందుకని ఈ పని దిగుమతిదారు చేయాలి, అతనికి దిగుమతి ఎగుమతి కోడ్, ఏజెంటు అన్నీ ఉంటాయి. మీ విషయంలో దిగుమతిదారు షాపువాడే అంటున్నారు, అమెరికా పంపుకోండి అన్న మాట అతను అనాల్సింది కాదు, అతను చేయాల్సింది.

హోసూర్‌రోడ్_లాయరు:

స్టిక్కర్ మీద పేరు, బిల్లు మీద పేరు ఒకటే అన్నారు చూడండి, దాంతో మీ కేసు సగం తేలికైంది. అమ్మినవాడు, దిగుమతి చేసినవాడు, వారంటీ మాటిచ్చినవాడు ముగ్గురూ ఒక్కరే. ఇంకొకరి మీదకి నెట్టడానికి అతనికి ఎవరూ మిగల్లేదు.

నోటీసు పొడుగ్గా రాయకండి. కొన్న తేదీ, ఇన్‌వాయిస్ నంబర్, సీరియల్, పేజీలో ఉన్న వారంటీ వాక్యం ఉన్నదున్నట్టు, బాక్స్ టెస్ట్ ఫలితం, అతను రాసిన అమెరికా పంపుకోండి జవాబు, ఇవి చాలు. బాగుచేయించి ఇవ్వాలి, లేదా అదే మోడల్ కొత్తది ఇవ్వాలి, లేదా 38 వేలు వాపసు, ఏదో ఒకటి 15 రోజుల్లో అని అడగండి. స్కోప్‌ని అతనికి పంపేటప్పుడు ప్యాక్ చేస్తున్న వీడియో తీయండి, సీరియల్ కనబడాలి, కొరియర్ రసీదులో విలువ రాయించి బీమా చేయించండి. అందిందని రాతపూర్వకంగా రాకముందే ఒరిజినల్ బిల్లు మాత్రం చేయి దాటనివ్వకండి, జిరాక్స్ పంపితే చాలు.

పెన్నాతీరం:

1915లో నమోదు చేశాను, డాకెట్ నంబర్ వచ్చింది. స్క్రీన్‌షాట్లు తీసేశాను, ఆ లైను పేజీలో ఇంకా ఉంది. కొనే ముందు చాట్‌లో స్ప్రింగ్ రైఫిల్ అని పేరుతో సహా అడిగాను, ధైర్యంగా పెట్టుకోండి సార్ అన్న జవాబు కూడా ఉంది. నోటీసు రేపు స్పీడ్ పోస్టులో వెళ్తుంది. ఒక్కటి చెప్పండి, ఈలోగా స్కోప్ రైఫిల్ మీదే ఉంచి వాడుకోవచ్చా, విప్పేయాలా?

పాత_గురి:

విప్పేయండి. కొడుతూ ఉంటే ఆ ఊడిన ముక్క లెన్సుని గీకుతుంది, అప్పుడు వాడకంలో దెబ్బతిన్నదని అంటారు. టరెట్లు ఇప్పుడున్న చోటే వదిలేయండి, మూతలు పెట్టి డబ్బాలో పెట్టండి. రైఫిల్‌కి ఇనుప సైట్లు (గొట్టం మీదే ఉండే మామూలు గురి) ఉంటే అన్నాళ్లూ వాటితో కొట్టుకోండి, చేతికి మంచి అలవాటు కూడా.